కట్ట కింది గుడికి ముప్పు లెక్క: ఒక అంచనా సేవపై సమీక్ష

కాకతీయుల కాలపు చిన్న గుడులను చూసుకొనే గ్రామ కమిటీలకు, వాటికి విరాళాలిచ్చే దాతలకు ఉపయోగపడాలని ఈ సమీక్ష రాస్తున్నాను. వరద, భూకంపం, పిడుగు, పెనుగాలి వంటి ప్రకృతి వైపరీత్యాల వల్ల పాత కట్టడానికి ఎంత ముప్పు ఉందో లెక్కగట్టి, ఏ పనికి ముందుగా డబ్బు పెట్టాలో చెప్పే సేవను ఇప్పుడు కొన్ని ప్రైవేటు నిపుణుల బృందాలు అందిస్తున్నాయి. ములుగు, హనుమకొండ జిల్లాల సరిహద్దులో ఉన్న మా ఊరి త్రికూటాలయం, అంటే మూడు గర్భాలయాల గుడి కోసం మా కమిటీ అలాంటి ఒక బృందాన్ని పిలిపించింది. బృందం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఈ రకం సేవలో ఏమి చూడాలి, ఏమి అడగాలి అన్నదే నేను చెప్పదలచుకున్నది కనుక, ఎవరిని పిలిచినా ఈ మాటలు వర్తిస్తాయి. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: పెట్టిన డబ్బుకు తగిన సేవే, కానీ కొన్ని షరతులను ఒప్పందంలో ముందే రాయించుకోకపోతే సగం ఫలితం చేతికి రాదు.

ఇలాంటి లెక్క ఒకటి కావాలని మా కమిటీ అనుకోవడానికి కారణం ఈ ప్రాంతంలో ఇటీవల వరుసగా జరిగిన సంఘటనలు. 2023 జూలై 26, 27 తేదీల మధ్య 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడి ఉన్న పాలంపేట కూడా ఆ మండలంలోనిదే. అదే వానకు భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. మరుసటి ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలికి వేల చెట్లు నేలకూలాయి. ఆ ఏడాదే డిసెంబరు 4న ఉదయం 7.27 గంటలకు ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది, హైదరాబాద్ దాకా ఆ కుదుపు తెలిసింది. ఏడాదిన్నర వ్యవధిలో ఒకే జిల్లా నీటిని, గాలిని, భూకంపాన్ని మూడింటినీ చూసిన తరువాత, ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన గుడి ఇక ముందూ నిలుస్తుందిలే అని ధీమాగా ఉండడం మాకు సాధ్యం కాలేదు.

రామప్పను, వేయిస్తంభాల గుడిని, వరంగల్ కోటను చూసుకోవడానికి కేంద్ర పురావస్తు శాఖ ఉంది. 1958 నాటి చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ ఆ కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను నిషేధించి, ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రిస్తాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో సాంస్కృతిక వారసత్వ స్థలాల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. అయితే కాకతీయులు, వారి సామంతులు, సేనానులు చెరువు తవ్వించిన చోటల్లా గుడి కూడా కట్టించారు గనుక, ఏ రక్షిత జాబితాకూ ఎక్కని గుడులు ఈ ప్రాంతంలో ఊరూరా కనిపిస్తాయి. వాటి మంచిచెడ్డలు చూసేది ఊరి కమిటీ, పూజారి, అప్పుడప్పుడు ఒక దాత. ఆ దాత కూడా ఎక్కువగా గుడికి రంగులు వేయించడానికో, ముందు రేకుల షెడ్డు వేయించడానికో, ప్రహరీ కట్టించడానికో ముందుకు వస్తాడు. మా గుడికీ అలాగే షెడ్డు కోసం ఒక దాత సిద్ధమయ్యాడు. ఆ సొమ్ములో కొంత భాగంతో ముందు ముప్పు అంచనా చేయించి, ఆ తరువాతే మిగతాది ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకుందామని కమిటీలో కొందరం పట్టుబట్టాము. దాత పెద్ద మనసుతో ఒప్పుకున్నాడు.

మా గుడి చెరువు కట్టకు దిగువన, కట్ట నుంచి కూతవేటు దూరంలో ఉంది. మూడు గర్భాలయాలు, మధ్యలో నాలుగు నల్లరాతి స్తంభాల రంగమండపం, ముందు కొంత కుంగిన ముఖమండపం ఉన్నాయి. గర్భాలయాల మీద లేచే గోపురాల్లాంటి విమానాలలో ఒకటి పూర్తిగా పడిపోయింది, మిగిలిన రెండింటి మీద రావి, జువ్వి మొక్కలు వేళ్లూనుకున్నాయి. చెరువు తవ్వించిన సంగతి చెప్పే శాసన స్తంభం ఆవరణలో కాక, చెరువు నిండాక నీరు పొర్లిపోయే మత్తడి వైపు పొలం గట్టున పడి ఉంది. ముప్పు అంచనాకు వచ్చేవారు ఈ మొత్తాన్ని ఒక్కటిగా చూస్తారా, లేక గుడి గోడల వరకే చూసి వెళ్తారా అన్న సందేహం నాకు మొదటి నుంచీ ఉండేది.

ఆ సందేహాన్ని వారు మొదటి రోజే తీర్చారు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే. కొలతల టేపు బయటికి తీయకముందే ఊరివారిని మండపంలో కూర్చోబెట్టి, ఈ స్థలంలో మీకు విలువైనవి ఏవి, అవి పోతే మీరు ఏమి కోల్పోతారు అని అడిగారు. నిపుణుల దృష్టిలో రంగమండపపు స్తంభాలు, గర్భాలయ ద్వారబంధాలు ముందుంటాయి. బడి పంతులు శాసనం పేరు చెప్పాడు. ఊరు ఎప్పుడు పుట్టిందో చెప్పే కాగితం మరొకటి లేదు కాబట్టి అది పోతే ఊరి చరిత్రే పోతుందన్నాడు. ఆడవాళ్లు శివరాత్రి జాగారానికి కూర్చొనే ముఖమండపం గురించి, నందికి పోసే నీటి గురించి చెప్పారు. చెరువు లేకపోతే గుడికి అర్థమే లేదని ఒక ముసలాయన అన్నాడు. ఈ మాటలన్నీ రాసుకొని, స్థలం మొత్తం విలువను నూరు పాళ్లుగా తీసుకొని, ఏ భాగానికి ఎన్ని పాళ్లు ఇవ్వాలో అందరి ముందే తేల్చారు. శాసన స్తంభానికి వచ్చిన వాటా నిపుణులు మొదట అనుకున్నదానికన్నా బాగా పెరిగింది. ఇది కేవలం మర్యాద కోసం చేసిన పని కాదు. తరువాత వేసిన ప్రతి లెక్కా ఈ పాళ్ల మీదే నిలబడింది కనుక, ఇక్కడ పొరపాటు జరిగి ఉంటే నివేదిక మొత్తం దారి తప్పేది.

క్షేత్ర పరిశీలనను వారు బయటి నుంచి లోపలికి చేశారు. ముందు చెరువు పరీవాహక ప్రాంతం, తరువాత కట్ట, మత్తడి, తూములు, తరువాత గుడి ఆవరణ, ఆపై కప్పు, గోడలు, చివరగా లోపలి విగ్రహాలు. ముప్పు బయట పుట్టి ఒక్కొక్క పొర దాటుకుంటూ లోపలికి చేరుతుందనీ, ఏ పొర దగ్గర దానిని తక్కువ ఖర్చుతో ఆపవచ్చో తెలియడానికే ఈ క్రమమనీ వివరించారు. మాకు ఎగువన మరో రెండు చెరువులు ఉన్నాయి. కాకతీయుల గొలుసుకట్టులో పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువులోకి నీరు చేరుతుంది. పై చెరువుకు గండి పడితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీదకు వస్తుంది. అందుచేత మా గుడికి వరద ముప్పు మా చెరువుతో మొదలు కాదు, పై చెరువుల కట్టలతోనే మొదలవుతుందని వారు పటం మీద గీసి చూపించారు. ఇన్నేళ్లుగా మా కమిటీ సమావేశాలలో ఒక్కసారి కూడా రాని విషయం ఇది.

రాతి కట్టడాన్ని పరిశీలించిన తీరు కూడా మెచ్చుకోదగినదే. డ్రోన్‌తో తీసిన ఫొటోలను కలిపి విమానాల నమూనా తయారు చేశారు. కప్పు రాళ్ల మధ్య సందుల్లో నీరు ఎక్కడ దిగుతున్నదో లోపలి గోడల మీది చారికలను బట్టి గుర్తించారు. ఒకప్పుడు ఎవరో సదుద్దేశంతో గచ్చులో, గోడల సందుల్లో పూసిన సిమెంటును చూపి, దానివల్ల జరిగే నష్టాన్ని చక్కగా విడమరచి చెప్పారు. సున్నపు గచ్చు తడిని పీల్చుకొని మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు తడిని లోపలే బంధిస్తుంది, అప్పుడు ఆ తడి పక్కనున్న మెత్తటి ఇసుకరాతి గుండా బయటికి వస్తూ రాతి పైపొరను రాలుస్తుంది. వరద వచ్చినా, ముసురు పట్టినా సిమెంటు పూసిన గోడ ఆరడానికి ఎన్నో రెట్లు ఎక్కువ కాలం పడుతుంది. వైపరీత్యం ఒక్క రోజులో చేసే నష్టాన్ని, ఏళ్ల తరబడి సాగిన ఇలాంటి మరమ్మతులు ఎలా పెంచుతాయో అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క గోడ చాలు. గర్భాలయానికి ముందుండే అంతరాలయం దగ్గర, ముఖమండపం కలిసే చోట ఉన్న పగుళ్ల మీద సన్నని గాజు పట్టీలు అతికించారు. పగులు కదిలితే పట్టీ విరుగుతుంది. ఇది ఖర్చు లేని పాత పద్ధతి, పూజారి రోజూ దీపం పెట్టేటప్పుడు ఒకసారి చూస్తే సరిపోతుంది.

ఇక లెక్క వేసే పద్ధతి. వారసత్వ పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రోమ్, కెనడా పరిరక్షణ సంస్థ కలిసి తయారు చేసిన కొలమానాన్ని వీరు వాడారు. ప్రతి ముప్పుకూ మూడు ప్రశ్నలు వేస్తారు. అది ఎన్నేళ్లకోసారి వస్తుంది లేదా నెమ్మదిగా జరిగేదైతే ఎన్నేళ్లలో నష్టం చేస్తుంది. దెబ్బ తగిలిన భాగం తన విలువలో ఎంత కోల్పోతుంది. మొత్తం స్థలం విలువలో ఎంత వాటాకు దెబ్బ తగులుతుంది. ఒక్కో జవాబుకు అత్యధికంగా 5 మార్కులు, మూడూ కలిపితే 15. ఏడాదికోసారి వచ్చేదానికి 5, సుమారు పదేళ్లకోసారి వచ్చేదానికి 4, నూరేళ్లకోసారి వచ్చేదానికి 3. అలాగే నష్టం నూటికి నూరు పాళ్లయితే 5, పది పాళ్లయితే 4, ఒక పాలయితే 3. ఒక్క మార్కు తేడా ఉందంటే ముప్పు పదింతలు ఎక్కువన్న మాట. ఇది ముందు అర్థం కాకపోతే 12కూ 11కూ పెద్ద తేడా లేదనిపించి నివేదికను తప్పుగా చదివే ప్రమాదం ఉంది. కమిటీ సభ్యులకు ఈ ఒక్క విషయం నాటేలా చెప్పడానికి బృందంలోని ఇంజనీరు ఎంతో ఓపిక పట్టాడు.

మా గుడి లెక్క ఇలా తేలింది. విమానాల మీది రావి, జువ్వి వేళ్ల ముప్పుకు 12.5 మార్కులు వచ్చి మొదటి స్థానంలో నిలిచింది. కట్ట వైపు నుంచి పునాదులలోకి చేరే నీటికి 12 వచ్చాయి. భూకంపానికి 11, పిడుగుకు 10, పెనుగాలికి ఆవరణలోని పెద్ద చెట్లు విరిగి మండపం మీద పడే ముప్పుకు 9.5 వచ్చాయి. చెట్ల వేళ్లు ప్రకృతి వైపరీత్యం ఎలా అవుతాయని నేను అడిగాను. వాటిని విడిగా చూడకూడదన్నది వారి జవాబు. వేరు దూరిన చోట రాళ్ల పట్టు సడలి ఉంటుంది. పట్టు సడలిన విమానాన్ని చిన్న కంపనమైనా, ఒక్క గాలివానైనా కూల్చగలదు. అందువల్ల వేళ్లను తొలగించి సందులను సున్నంతో పూడిస్తే భూకంపం, గాలి, వాన మూడింటి ముప్పూ ఒకేసారి తగ్గుతుంది. ఇది విన్న తరువాత కమిటీలో వాదన దాదాపుగా ముగిసింది. షెడ్డు కోసం అనుకున్న పైకం మొక్కల తొలగింపుకు, ఆవరణ చుట్టూ నీరు పోయే కాలువకు మళ్లింది. షెడ్డు వేసినా గుడిని తాకకుండా దూరంగా వేయాలని, దాని రేకుల నీరు పునాదుల వైపు పడకూడదని కూడా నివేదికలో రాశారు.

పునాదుల నీటికి రెండో స్థానం ఎందుకు దక్కిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతపు గుడులన్నిటికీ సంబంధించిన విషయం ఇదే. రామప్ప వంటి కాకతీయ కట్టడాలలో గోతిని ఇసుకతో నింపి, దాని మీద రాతి కట్టడాన్ని లేపే ‘ఇసుక పెట్టె’ పద్ధతి వాడారు. ఇసుక తన చోటు నుంచి కదలనంత కాలం బరువును సమంగా పంచుతుంది, భూమి కంపించినప్పుడు కుదుపును కొంత మింగుతుంది. అదే ఇసుక నీటి ఒరవడికి పక్కలకు కొట్టుకుపోతే పైన ఉన్న రాయి ఒకవైపు ఒరిగిపోతుంది. పూర్తిగా నీరు పట్టిన ఇసుకకు కంపన సమయంలో బలం తగ్గిపోయే గుణం కూడా ఉంది. అంటే వరద ముప్పు, భూకంప ముప్పు రెండూ పునాది దగ్గర కలుస్తాయి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, రాళ్లకు అంకెలు వేసి, పునాదుల నుంచి మళ్లీ నిలబెట్టడానికి ఒకటిన్నర దశాబ్దానికి పైగా పట్టి, 2024 మార్చిలో గానీ ఆ పని పూర్తి కాలేదు. కేంద్ర శాఖ చేతిలో ఉన్న కట్టడానికే అంత కాలం పట్టినప్పుడు, మా గుడి ఒక్కసారి ఒరిగితే మళ్లీ నిలబెట్టే శక్తి మాకు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మాట నివేదికలో లేదు, నేను చెబుతున్నది. కానీ నివేదికలోని రెండో అంకెను చూసినప్పుడల్లా నాకు ఆ మండపమే గుర్తుకు వస్తుంది.

లోపాల సంగతికి వస్తే, మొదటిది ఈ నీటి విషయంలోనే ఉంది. బృందం తయారు చేసిన మొదటి ముసాయిదాలో వరద నీరు మత్తడి మీదుగా వచ్చి గుడిని తాకుతుందని పటం గీశారు. ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఎత్తుపల్లాల లెక్క అలా చెప్పింది. ఆ పటం చూసి మా నీరటి వెంటనే అడ్డం చెప్పాడు. “మత్తడి ఎంత దుంకినా నీళ్లు వాగులకే పోతయి సారూ. గుడి దిక్కు వచ్చేటివి మత్తడి నీళ్లు కావు, పాత తూము కాడ ఊట నీళ్లు. కట్ట నానితే గుడి గచ్చు కింద చెమ్మ లేస్తది” అన్నాడు. తరతరాలుగా తూము ఎత్తి దించే ఇంటి మనిషి మాట అది. బృందం వెంటనే కట్ట కిందికి వెళ్లి చూసి, ఆయన చెప్పింది నిజమని ఒప్పుకొని పటం మార్చింది. మార్చినందుకు వారిని మెచ్చుకోవాలి. అయితే ఊరివారిని విలువల గురించి అడిగినంత శ్రద్ధగా నీటి దారుల గురించి మొదటి రోజే ఎందుకు అడగలేదన్నది నా ప్రశ్న. ముసాయిదాను ఊళ్లో చదివి వినిపించాలని మేము పట్టుబట్టకపోయి ఉంటే, తప్పు పటం ఆధారంగా మత్తడి వైపు గోడ కట్టించి, ఊట వైపును అలాగే వదిలేసే వాళ్లం. పొలాల వాళ్లు పూడ్చేసిన పాత ఒర్రెలు, అంటే చిన్న వాగులు, చెరువు లోపలి శిఖం భూమిలో వచ్చిన కొత్త గట్లు ఏ ఉపగ్రహ పటంలోనూ సరిగా కనబడవు. వాటిని చెప్పగలిగింది నీరటి, పశువులు కాసేవారు, ఆ మడులు దున్నేవారు మాత్రమే.

రెండో లోపం భూకంపం అధ్యాయం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపాన్నీ, 2024 నాటి కంపనాన్నీ పేర్కొని, గోదావరి లోయ వెంబడి నేల లోపలి పాత చీలికల గురించి రాశారు. అంతవరకు బాగుంది. ఆ తరువాత జిల్లా మొత్తానికి వర్తించే సగటు అంకెను తెచ్చి మా గుడికి అతికించారు. తీవ్రత ఒక్కటే ముప్పును నిర్ణయించదు. 2024 నాటి కంపనం దాదాపు 40 కిలోమీటర్ల లోతున పుట్టింది కనుక నేల మీద దెబ్బ తక్కువగా తగిలింది. అదే తీవ్రత తక్కువ లోతున పుడితే నష్టం వేరుగా ఉండేది. గుడి కింద ఇసుక ఉన్నదా, మొరం ఉన్నదా, రాయి ఉన్నదా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. అసలు మా గుడి పునాది ఇసుక పెట్టె పద్ధతిలోనే కట్టిందా అన్నది వారు తేల్చలేదు. తవ్వకుండానే నేల లోపలి పొరలను చూపే రాడార్ పరికరం ఉంది, దానిని తీసుకురావడానికి ఖర్చు ఎక్కువని వదిలేశారు. ఖర్చు ఎక్కువే కావచ్చు. కానీ నివేదికలో మొదటి మూడు ముప్పులలో రెండు పునాది మీదే ఆధారపడినప్పుడు, ఆ పునాదిని ఊహించి మార్కులు వేయడం నాకు సమంజసంగా తోచలేదు. కనీసం ఆ రెండు అంకెల పక్కన ఇవి ఊహ మీద ఆధారపడినవని స్పష్టంగా రాసి ఉండవలసింది. మేము అడిగిన తరువాతే ఆ వాక్యం చేర్చారు.

మూడోది భాష. నివేదిక మొత్తం ఇంగ్లీషులో వచ్చింది, తెలుగులో రెండు పేజీల సారాంశం మాత్రమే ఇచ్చారు. ఆ సారాంశం కూడా ఇంగ్లీషు వాక్యాలను మాట మాటకూ దించినట్టు ఉంది. గుడిని రోజూ చూసేది పూజారి, ఆవరణ ఊడ్చే అమ్మ, చెరువు చూసే నీరటి. కుండపోత వాన కురిసిన రాత్రి ఎవరు ఎవరికి కబురు పెట్టాలి, ఉత్సవ విగ్రహాలను ఎక్కడికి తరలించాలి, కరెంటు ఎక్కడ ఆపాలి, తెల్లవారి ముందుగా ఏ పగులు చూడాలి అన్నవి వారికి చదివితే అర్థమయ్యే తెలుగులో, గోడకు అంటించుకోదగిన ఒక్క కాగితం మీద కావాలి. చివరికి ఆ కాగితాన్ని బడి పంతులూ నేనూ కూర్చొని రాశాము. ఇంత ఖర్చు పెట్టి తెచ్చుకున్న సేవలో అది భాగంగా రావలసింది.

పిడుగు గురించి రాసింది పొట్టిగా ఉన్నా పనికివచ్చేదే. విమానం మీద పిడుగు వాహకం పెట్టేటప్పుడు రాతికి మేకులు దింపకూడదని, తీగను గోడకు ఎడంగా దించి భూమిలో పాతాలని, పక్కనే ఎత్తైన తాటిచెట్టు ఉంది కదా అని ఊరుకోవద్దని చెప్పారు. గాలి భాగంలో కొత్తగా ఏమీ లేదు. ఎండిన కొమ్మలను ఏటా వానకాలానికి ముందు నరికించాలన్నది మాకు తెలిసిందే.

శాసన స్తంభానికి ఇచ్చిన సలహా మాత్రం ఎంతో విలువైనది. దానిని వెంటనే కదపవద్దన్నారు. ఎక్కడ పడి ఉందో ఆ చోటును కూడా కొలతలతో నమోదు చేసి, అక్షరాల మీద కాగితపు అచ్చు తీయించి, పక్క వెలుతురులో ఫొటోలు తీయించి, ఆ ప్రతులను ఒకటి ఊళ్లో, మరొకటి రాష్ట్ర వారసత్వ శాఖ దగ్గర ఉంచాలన్నారు. వరద ఎత్తుకుపోయినా, ట్రాక్టరు తగిలి విరిగినా, చదవగలిగిన పాఠం మిగులుతుంది. ఆ తరువాత శాఖ అనుమతితో ఎత్తు గద్దె మీదికి మార్చవచ్చన్నారు. అన్ని సలహాలలోనూ అతి తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇదే, మేము ముందుగా పూర్తి చేసిన పనీ ఇదే.

సేవ తరువాతి సేవ విషయంలో బృందం నన్ను నిరాశపరచింది. ఒక వానకాలం గడిచాక అంతరాలయం దగ్గరి గాజు పట్టీ విరిగింది. పూజారి చూసి చెప్పగానే ఫొటో పంపించాము. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది, వచ్చిన జవాబు కూడా మరో పరిశీలనకు వేరే రుసుము చెల్లించాలన్న సమాచారమే. ముప్పు అంచనా ఒకసారి చేసి అట్టలో పెట్టే కాగితం కాదనీ, పెద్ద వాన, కంపనం, మరమ్మతు వంటివి జరిగిన ప్రతిసారీ తిరిగి చూసుకోవాలనీ నివేదికలో వారే రాశారు. అలా రాసినవారే మొదటి పిలుపుకు పలకకపోతే ఎలా? విరిగిన పట్టీ అంటే గుడి కదిలిందనే అర్థం. ఆ సమయంలో అవసరమైంది మళ్లీ పరిశీలన కాదు, ఈ రాత్రి మండపంలో జనాన్ని కూర్చోబెట్టవచ్చా లేదా అన్న ఒక్క మాట.

ఖర్చు గురించి చెప్పాలంటే, షెడ్డుకు దాత ఇస్తానన్న సొమ్ములో నాలుగో వంతు కన్నా తక్కువే అయింది. ప్రయాణం, బస ఊరే చూసుకొన్నది. పెద్ద బస్తీ నుంచి వచ్చే బృందానికి అది ఎక్కువ రుసుమని నేను అనుకోను. ఇంతకన్నా తక్కువకు వచ్చేవారు కూడా ఉన్నారు, అయితే వారిలో కొందరు ఇచ్చిన నమూనా నివేదికను చూస్తే ప్రతి గుడికీ అవే వాక్యాలు, అవే ముప్పులు, ఊరి పేరు మాత్రమే వేరు. అలాంటివారికి ఇచ్చే డబ్బుతో నాలుగు బస్తాల సున్నం కొనుక్కోవడం మేలు. మరీ చిన్న గుడి అయి, డబ్బే లేని కమిటీలు మొదటి అడుగు తామే వేయవచ్చు. జాతీయ దూరసంవేదన కేంద్రం వారి భువన్ పటాల మీద చెరువులు, వాగులు చూసుకోవచ్చు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం వానమాపక కేంద్రాల లెక్కలు చూసుకోవచ్చు. ఏటా ఒకే చోట నిలబడి పగుళ్ల ఫొటోలు తీసి తేదీ రాసి పెట్టుకోవచ్చు. నీరటిని కూర్చోబెట్టి ఏ ఏడు నీరు ఎంతవరకు వచ్చిందో స్తంభం మీద కాకుండా కాగితం మీద గుర్తు పెట్టించవచ్చు. ఆ తరువాత నిపుణులను పిలిస్తే వారి సమయమూ, మీ డబ్బూ ఆదా అవుతాయి.

పిలిచేటప్పుడు ఒప్పందంలో రాయించుకోవలసినవి నా దృష్టిలో ఇవి. ముసాయిదాను ఊళ్లో చదివి వినిపించి, వచ్చిన అభ్యంతరాలకు జవాబు రాసి ఇవ్వాలి. ఏ అంకె కొలత మీద, ఏ అంకె ఊహ మీద ఆధారపడిందో పక్కనే చెప్పాలి. నివేదిక తెలుగులో ఉండాలి, లేదా కనీసం పనుల జాబితా, ఆపదలో చేయవలసిన పనుల కాగితం సహజమైన తెలుగులో ఉండాలి. డ్రోన్ ఫొటోలు, కొలతలు, నమూనాలు అన్నీ కమిటీకి అప్పగించాలి. మాకు మొదట ముద్రించిన ప్రతి మాత్రమే ఇచ్చారు, అడిగితేగానీ మిగతావి ఇవ్వలేదు. రెండు వానకాలాల పాటు ఫోన్‌లో సలహా అదే రుసుములో భాగంగా ఉండాలి. కట్ట, మత్తడి మీద చేయవలసిన పనులు కమిటీ చేతిలో ఉండవు కనుక, నీటిపారుదల శాఖకు ఇవ్వవలసిన అర్జీని కూడా సాంకేతిక వివరాలతో బృందమే తయారు చేసి ఇవ్వాలి. ఈ చివరిది మా బృందం అడగకుండానే చేసింది; పాత తూము దగ్గరి ఊటను ఫొటోలతో, కొలతలతో చూపిన ఆ అర్జీకి అధికారులు వచ్చి చూసి వెళ్లారు.

ఇప్పటికి విమానాల మీది మొక్కలను పైపైన నరకకుండా, వేళ్ల దాకా ఎండబెట్టి తీసే పని ఒక విమానానికి పూర్తయింది. సందులకు గానుగలో నూరిన డంగు సున్నం పూస్తున్నారు. గుడి చుట్టూ కాలువ తవ్వకం ఉత్తరం వైపు మిగిలి ఉంది, అక్కడ పాత గచ్చు రాళ్లు బయటపడినందున పని ఆపి, స్థపతిని పిలిపించాము. పునాది రాడార్ పరీక్ష కోసం దాతను మళ్లీ అడిగాము, ఎండాకాలంలో చెరువు నీరు తగ్గాక చేయిద్దామని ఒప్పుకున్నాడు. ఆ పరీక్ష ఫలితం వచ్చాక భూకంపానికి, పునాది నీటికి వేసిన రెండు అంకెలనూ తిరిగి లెక్కగట్టించాలని, దానికి ఇదే బృందాన్ని పిలవాలా, మరొకరిని పిలవాలా అన్నది రాడార్ ధరలు తెలిశాక నిర్ణయించాలని కమిటీ తీర్మానం రాసుకొన్నది.